ఫిలోమినక్క తడి తువ్వాలు

పొద్దున తీగ మీద నుంచి తువ్వాలు తీస్తుంటే దాని మడతలో ఒక కానుగ పువ్వు ఇరుక్కుని కనిపించింది. ఎండకు కాగిన నూలు వాసన, దాని వెనకాలే కానుగ పూల పచ్చి వాసన. ముక్కుకు ఆనించుకుని అక్కడే నిలబడిపోయాను. లోపల్నుంచి మా ఆయన "పాలు పొంగిపోతున్నాయి" అని కేక పెట్టాడు. స్టవ్ పక్కనే నిలబడి కేకలు పెట్టే మనిషి ఆ మంట తగ్గించలేడా అని గొణుక్కున్నాను కానీ, కదల్లేదు. ఆ వాసనతోపాటు ఫిలోమినక్క కూడా వచ్చి పెరట్లో నిలబడింది మరి. చనిపోయి రెండేళ్ళయినా ఆవిడ రావాలనుకుంటే ఎవరాపుతారు?

చూడ్డానికి అది మామూలు తెల్ల తువ్వాలు. అంచులు చిరిగాయి. ఒక మూల ఎర్రదారంతో చిన్న శిలువ కుట్టి ఉంటుంది. ఒకప్పుడు కేజీఎఫ్‌లో మా వైపు ఇళ్ళ రేట్లు తేల్చింది ఈ తువ్వాలే అంటే మీరు నవ్వుతారు. నవ్వండి, మొదట్లో నేనూ నవ్వాను. ఫిలోమినక్క ఇళ్ళ బ్రోకరు. బంగారు గని మూతపడి జనం ఇళ్ళు అమ్ముకుని పోవడం మొదలెట్టాక, మగ బ్రోకర్లు టీ అంగళ్ళ ముందు కూర్చుని బేరాలు మాట్లాడుతుంటే, ఈవిడ మాత్రం ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో వైరుబుట్ట పట్టుకుని వీధివీధీ తిరిగేది. నేనిప్పుడు కాపురమున్న ఇల్లు ఆవిడ ఇప్పించిందే. ఇప్పించేనాటికి ఈ ఇంట్లో అద్దెకున్నది కూడా ఆవిడే. తన తల మీద కప్పు తీసి నాకు బేరం కుదిర్చింది. అదెట్లా జరిగిందో చెప్పాలంటే ముందు మేము తిన్న దుమ్ము గురించి చెప్పాలి.

మాది మాస్తి. మా ఊళ్ళో చెట్టుకు రేటు కట్టడమంటే కలపకో, కాయలకో. చెట్టు పక్కన ఇల్లుంటే ఇంటికి విలువ పెరుగుతుందని చెబితే మా నాన్న నా చదువంతా దండగైందనుకునేవాడు. నేను హైస్కూల్లో సోషల్ టీచరుగా కేజీఎఫ్‌కు బదిలీ అయ్యేసరికి గని మూసేసి కొన్నేళ్ళయింది. మా ఆయనకు బెంగళూరులో ఉద్యోగం, పొద్దున రైల్లో పోయి సాయంత్రం రైల్లో రావడం. అద్దె తక్కువని దిబ్బ పక్కన ఒక ఇల్లు తీసుకుని, ఏదో ఘనకార్యం చేసినట్టు సంబరపడ్డాం. దిబ్బంటే మామూలు మట్టిగుట్ట అనుకునేరు. తరాల తరబడి రాయి పిండి చేసి, సైనైడ్‌తో బంగారం తీసుకుని, మిగిలిన పిప్పిని పోసిన గుట్ట. సైనైడ్ దిబ్బ అంటారు ఇక్కడ. ఆషాఢం గాలి మొదలైతే అది మైదా పిండి కంటే మెత్తగా లేచి ఊరి మీద పడుతుంది. అన్నంలో అదే, పక్క బట్టల మీద అదే. మా ఆయన తెల్ల చొక్కాలు నెల తిరక్కుండా బూడిదరంగుకు తిరిగాయి. అంతవరకు సర్దుకున్నాను. మా పాప సౌమ్యకు ఆయాసం పట్టుకున్నాక మాత్రం నాకు దిక్కు తోచలేదు. డాక్టరు మందు మార్చి మార్చి విసుగొచ్చి, "మార్చాల్సింది మందు కాదమ్మా, ఇల్లు" అన్నాడు.

మా కన్నడ టీచరు ఫిలోమినక్క దగ్గరికి పంపింది. చర్చి ముందు కలిస్తే అక్కడే నిలబెట్టి పైనుంచి కిందికి చూసింది. యాభై దాటిన మనిషి, బొద్దుగా, మెడలో జపమాల, నోట్లో వక్కపొడి.

"ఎంతలో కావాలని నేనడగను టీచరమ్మా, అది నీ మొకంలోనే రాసుండాది. మీ ఇంట్లో తెల్లబట్టలు ఎవురు ఏసుకుంటారు? అది చెప్పు ముందు."

"మా ఆయన, మా పాప."

"ఆరేస్తే ఏ రంగు వస్తాది?"

"బూడిద."

"అట్లయితే నీకు కావాల్సింది ఇల్లు కాదు, బట్టలారేసే తీగ. మంచి తీగ చూపిస్తా. ఇల్లు దానెంబడే వస్తాది."

ఈవిడకేమైనా తిక్కా అనుకున్నాను. మర్నాడు వానపడింది. ఇల్లు చూడ్డానికి రమ్మంటుందేమోనని గొడుగు తీసుకుని మళ్ళీ చర్చి దగ్గరికే వెళితే కస్సుమంది. "వాన పడినప్పుడు ఇల్లు చూపించేవాడు దొంగ! దుమ్మంతా అణిగిపోయి ఊరంతా బెంగళూరు మాదిరి ఉంటాది. గాలి రానీ, అప్పుడు చూపిస్తా." గాలి వచ్చాక పిలిచింది.

ఆవిడ పద్ధతి ఇది. అమ్మేవాళ్ళ కొళాయి కిందే తువ్వాలు తడిపి, పిండి, వాళ్ళ పెరట్లో తీగ మీద వేసేది. అది ఆరేదాకా ఎవరూ రేటు మాట ఎత్తకూడదు. వాళ్ళిచ్చే కాఫీ తాగుతూ పిల్లల చదువులు, అల్లుళ్ళ గుణాలు, చర్చి పాటలు, అన్నీ మాట్లాడేది. ఆరాక తువ్వాలు తెచ్చి వెలుగులో పరిచేది. తడిగుడ్డకు దుమ్ము పట్టుకుంటుంది కదా, ఆ ఇంటి గాలి ఎట్లాంటిదో తువ్వాలే చెప్పేది. అప్పుడు బేరం మొదలు. ఈ పద్ధతి మా వైపు ఎంత పాకిందంటే, కొనేవాళ్ళు వస్తున్నారంటే ఆడవాళ్ళు ఇంట్లో ఉన్న తెల్లబట్టలన్నీ తీగమీదికి ఎక్కించేవాళ్ళు. ఎక్కడో వేరేచోట ఉతికి ఆరేసి, ఇస్త్రీ చేసి తెచ్చి తగిలించిన మహాతల్లులూ ఉన్నారు. ఫిలోమినక్క ఇస్త్రీ మడత చూసి పట్టేసేది.

మొదట చూపించిన ఇంటి సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వాగదు. ఇంటాయన పేరు గోవిందప్ప, గనిలో చేసి రిటైరైన మనిషి. చెట్లున్న ఇళ్ళకు రేటు ఎక్కువ పలుకుతోందని ఆ పాటికే ఊరంతా తెలిసిపోయింది. ఆయన ఇంటిముందు ఒక తురాయి చెట్టు, మనిషెత్తు కూడా లేదు, నిండా ఎర్రటి పూలు. ఫిలోమినక్క దాన్ని చూసి ముచ్చటపడిపోయింది. "చూసినావా టీచరమ్మా, ఎంత చక్కంగా పూసిందో! పోయిన నెల్లో నేను చూడనే లేదు" అంది. గోవిందప్ప మీసం సవరించుకున్నాడు. తువ్వాలు ఆరేశాం, కాఫీ వచ్చింది. ఇంతలో ఒక మేక వచ్చి ఆ చెట్టు కొమ్మ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. చెట్టు మొత్తం లేచి వచ్చేసింది! వేరు లేదు, పాడు లేదు. ఎక్కడో కొట్టుకొచ్చిన కొమ్మను తెల్లవారుజామున భూమిలో గుచ్చి నీళ్ళు పోశాడు పెద్దమనిషి. మేక దాన్ని ఈడ్చుకుని వీధిలో పోతోంది, గోవిందప్ప వెనకాల పరిగెడుతున్నాడు. ఫిలోమినక్క నవ్వి నవ్వి అరుగు మీద కూలబడింది.

"యేసప్పా! నన్నే ఏమార్చినాడు గదా ఈ ముసలాయన! ఓ గోవిందప్పా, ఆ చెట్టు యాడికి బోతా ఉండాదయ్యా, పట్టుకో!"

తువ్వాలు సంగతి చెప్పనక్కర్లేదు, బూడిదే. కానీ ఆవిడ ఆయన్ను అవమానించలేదు. పోయేటప్పుడు, "కొమ్మ గుచ్చితే రేటు రాదప్పా, మొక్క పెట్టు. కానుగ పెట్టు, మేక ముట్టదు" అని చెప్పి మరీ వచ్చింది.

దారిలో గొడుగు కింద నడుస్తూ, చెట్ల పిచ్చి ఎట్లా పట్టుకుందని అడిగాను. చెప్పింది. ఆవిడ భర్త జేవియర్ గనిలో పనిచేసేవాడు. పెళ్ళయిన కొత్తలో అద్దెకు దిగిన ఇల్లే, ఇప్పుడూ అదే ఇల్లు. కూతురికి చర్చిలో మొదటిసారి సత్ప్రసాదం ఇచ్చే పండగ వచ్చింది. ఆ రోజు ఆడపిల్లలకు తెల్లగౌను, తెల్లముసుగు వేయాలి. అప్పుచేసి బట్ట కొని, చేత్తో కుట్టి, ఉతికి ఆరేస్తే దిబ్బ గాలికి బూడిదైంది. మళ్ళీ ఉతికింది. మళ్ళీ అంతే. చివరికి తడిగౌను పిల్లకు తొడిగి చర్చికి తీసుకుపోయిందట.

"పిల్ల వణికిపోయింది టీచరమ్మా. నాకు ఎంత కోపమొచ్చిందంటే, దిబ్బనే పట్టుకుని కొట్టాలనిపించింది. ఎట్ల కొట్టేది? ఆయన నవ్వతాడు, దిబ్బతో కొట్లాటనా నీకు అని. అవును, కొట్లాటే అన్నా. సోమవారమే కానుగ మొక్కలు తెచ్చి దిబ్బవైపు వీధి పొడుగునా నాటినా."

నీళ్ళకే కరువున్న ఊరు. బేతమంగళ చెరువు నుంచి నీళ్ళు వచ్చిన రోజే పండగ. బియ్యం కడిగిన నీళ్ళు, గిన్నెలు తోమిన నీళ్ళు, పిల్లలకు స్నానం చేయించిన నీళ్ళు, అన్నీ మొక్కలకే పోసింది. చాలక పక్కింటివాళ్ళ కడుగునీళ్ళ మీద కూడా కన్నేసింది. వీధిలో ఎవరైనా బకెట్ నీళ్ళు మోరీలో పోస్తే వీధంతా వినబడేట్టు కేకలేసేది. ఆ బాధ పడలేక అందరూ మొక్కలకే పోశారు. చెట్లు పెరిగాయి, వీధంతా ఆకు కప్పింది. దిబ్బ గాలి ఆ వరస దగ్గరే సగం ఆగిపోయేది.

తర్వాత ఇంకో రెండిళ్ళు చూపించింది. తువ్వాలు ఒకచోట కాస్త నయం, ఒకచోట ఘోరం. మా పాప ఆయాసం అట్లాగే ఉంది. ఆ ఆదివారం మా ఆయనకు సెలవు. మా ముగ్గుర్నీ పిలిచి కానుగల వీధిలోకి తీసుకొచ్చింది. ఒకే కొలత, ఒకే మేస్త్రీ కట్టినట్టున్న ఇళ్ళు. పక్క వీధిలోనూ అవే. కానీ ఈ వీధిలో అడుగుపెడితే ఎండ తగ్గింది, కళ్ళలో మంట తగ్గింది. ఒక ఇంటి తలుపు తాళం తీసి, పెరట్లో తువ్వాలు ఆరేసింది. వరండాలో చాప పరిచింది. ఆషాఢం గాలి పైన ఆకుల్లో హోరుమంటోంది. సౌమ్య ఆ చాప మీద పడుకుని నిద్రపోయింది. ఎన్ని వారాలైందో పిల్ల గుండెల్లో పిల్లికూతలు లేకుండా నిద్రపోయి! నేనూ మా ఆయనా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఇంక ఏ బేరం ఆడతాం? తువ్వాలు వచ్చింది. తెల్లగా, మల్లెపువ్వులా.

రేటు విన్నాక మా ఆయన కొంచెం నీళ్ళు నమిలాడు. "పక్క వీధిలో ఇట్లాంటి ఇల్లే చాలా తక్కువ కదా" అన్నాడు.

"గోడలకైతే అదే రేటప్పా. ఎక్కువంతా ఆ చెట్లకు" అంది ఫిలోమినక్క. "ఓనరు బెంగళూరులో ఉంటాడు. ఒక్క చెంబు నీళ్ళు పోసినోడు కాదు. రేటు మాత్రం బాగా తెలుసు."

కాఫీ తేవడానికి లోపలికి వెళ్ళింది. ఎవరింట్లోనో వంటింట్లోకి అంత చనువుగా వెళ్ళడమేమిటని వెనకాలే వెళ్ళాను. గోడ మీద మరియమాత పటం, దాని పక్కన దండ వేసిన జేవియర్ ఫోటో, ఆ కింద మేకుకు వేలాడుతున్న ఆవిడ గొడుగు. 

"అక్కా, ఈ ఇంట్లో ఉండేదెవరు?"

"నేనే." డికాక్షన్ వంచుతూ తల కూడా ఎత్తలేదు. "ఓనరు అమ్మేస్తానన్నాడు. ముందు నన్నే అడిగినాడులే, న్యాయంగానే. నా దగ్గర అంత యాడుండాది? చెట్లు లేకుండా ఉంటే కొనుండేదాన్ని. నేను పెట్టిన చెట్లకు నేనే రేటు కట్టాలంట, చూసినావా తమాషా!" అని పకపకా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. నా బిడ్డ బయట హాయిగా నిద్రపోతోంది, ఈవిడ గూడు పోతోంది. రెండూ ఒక్క ఇంట్లోనే.

అప్పుడే పక్కింటి మునెమ్మ వెనక తలుపులోంచి వచ్చింది. ఆవిడ నన్ను చూసి కూడా దాచలేదు. "ఎంత చెప్పినా వినదమ్మా ఇది! కొనేవాళ్ళు వచ్చేటప్పుడు ఆ తువ్వాలు మీద దిబ్బమట్టి ఇంత చల్లవే అంటే వినదు. నాలుగుసార్లు చల్లింటే ఎవురూ కొనరు, ఓనరు దిగొస్తాడు, నువ్వే కొనుక్కోవచ్చు గదా!"

ఫిలోమినక్క గ్లాసు టక్కున కింద పెట్టింది. ఆవిడకు నిజంగా కోపం రావడం అప్పుడే చూశాను.

"ఏం మునెమ్మా, నా చెట్టు మీద నేనే అబద్ధం చెప్పాలనా? ఇన్నేళ్ళు దిబ్బతో కొట్లాడి గెలిచినాను. ఇప్పుడు దాని మట్టే తెచ్చి నా తువ్వాలు మీద ఏసుకోవాలా? దానికంటే ఇల్లు బోవడమే మేలు."

నేను ఇల్లు వద్దన్నాను. మనసులో పాప శ్వాస గుర్తొస్తూనే ఉంది, అయినా వద్దన్నాను. అప్పుడు నాకూ పడ్డాయి చీవాట్లు. "నువ్వు వద్దంటే ఇంకొకడు వస్తాడు. నిన్ననే ఒకాయన వచ్చినాడు, చెట్లు కొట్టేసి కారుకు షెడ్డు ఏస్తానంటాడు. తువ్వాలు చూసి మెచ్చుకుని, ఆ మాటే అంటాడు, బుద్ధుండొద్దా? నీ బిడ్డకు ఊపిరాడాల. నీకు చెట్టు కావాల. అందుకే నీకిస్తా. ఇల్లు బోయినా సరే, చెట్టు బోకూడదు. ఇంగ ఊరికే ఏడ్చొద్దు, కాఫీ తాగు." గ్లాసు నా చేతిలో పెట్టి, "కమీషను మాత్రం వదిలేది లేదు. ఆ మాట ముందే చెప్తాండా" అంది. ఏడుపులో నవ్వొచ్చింది నాకు.

కమీషను తీసుకుంది, పైసా తగ్గించకుండా. దాన్నీ, దాచుకున్నదాన్నీ కలిపి దిబ్బకు దగ్గరగా, చెట్టన్నది లేని వీధిలో, ఎవరూ కొనని ఒక చిన్న ఇల్లు కొనుక్కుంది. సామాను దింపిన రోజు వెళ్ళాను. తువ్వాలు ఆరేసి ఉంది. సిమెంటు రంగుకు తిరిగిపోయింది. "చూడు ఎంత చీప్‌గా వచ్చిందో!" అని మురిసిపోయింది. గుమ్మం పక్కన అప్పటికే గోనెసంచిలో కానుగ మొక్కలున్నాయి.

ఆ తర్వాత శనివారాలు మొదలయ్యాయి. ఆదివారం చర్చికి ఆవిడ తెల్లచీరే కట్టేది. కొత్తింటి దగ్గర ఆరేస్తే పనికిరాదని, ప్రతి శనివారం తడిచీర బుట్టలో పెట్టుకుని మా ఇంటికి వచ్చేది. మా తీగ మీద, కాదు, తన తీగ మీదే, ఆరేసుకుని అది ఆరేదాకా కూర్చునేది. ఆ కాసేపట్లో నాకెన్ని నేర్పిందో! అమ్మేవాడి మాట కంటే వాళ్ళావిడ ముఖం చూడమని, కోపం వస్తే దాచుకోకుండా దాంతో ఏదైనా నాటమని. పోతూ పోతూ చెట్లను చూసి, "నీళ్ళు పోస్తా ఉండారా లేదా మీ అమ్మావాళ్ళు?" అని సౌమ్యను ఆరా తీసేది. సౌమ్య అప్పటికి ఆయాసం మాటే మరిచి చెట్లెక్కేది. వీధిలో ఇంకో ఇల్లు అమ్ముడైనప్పుడల్లా రేటు చెప్పి ఈవిడే ఎక్కువ గర్వపడేది. తనదంటూ ఒక్క ఇటుక కూడా లేని వీధి మరి.

కొన్నేళ్ళు గడిచాయి. ఒక ఆషాఢంలో, గాలి జోరుగా ఉన్న శనివారం, ఫిలోమినక్క రాలేదు. మధ్యాహ్నం దాకా చూశాను. ఒంట్లో బాగాలేదేమో అనిపించింది. పనులొదిలేసి దిబ్బ వైపు నడిచాను. ఆవిడ వీధి మలుపు తిరగ్గానే కళ్ళలో మంట తగ్గింది. తలెత్తి చూశాను. వీధి పొడుగునా కానుగలు, ఇంటి కప్పులు దాటి ఎదిగాయి. నేనెప్పుడూ ఆవిడ నా ఇంటికి రావడమే చూశాను గానీ, ఈ వీధి ఎప్పుడు ఇట్లా అయిందో చూసుకోనే లేదు. పెరట్లోకి వెళితే ఆవిడ చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. తల మీద, తీగ మీద, తెల్లచీర ఎగురుతోంది. పాలలా తెల్లగా.

"వచ్చినావా! రా, కూచో" అంది. నేను చీర అంచు పట్టుకుని వెలుగులో చూశాను, ఆవిడ తువ్వాలును చూసినట్టే. మరకన్నది లేదు.

"ఇంగ నీ తీగతో నాకు పని లేదు టీచరమ్మా" అంది. గొంతులో ఎంత గర్వమో! "పొద్దున ఒక బ్రోకరొచ్చినాడు. ఈ ఇంటికి ఎంతిస్తానన్నాడో తెలుసునా? నేను కొన్నదాని మీద ఎన్నింతలో! అమ్మేది లేదు పోరా అన్నా. ఈసారి చెట్లు నావే, ఇల్లు కూడా నాదే."

ఆవిడ గెలిచిందని నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంక శనివారాలు రాదని కూడా. అది ఆవిడ కనిపెట్టింది, రెండు చిక్కుడుకాయలు నా చేతిలో పెట్టి తుంచమంది.

మరుసటి శనివారం మా పక్కదుప్పట్లు ఉతికి, తడివి తడిగానే బుట్టలో పెట్టుకుని నేనే వెళ్ళాను. గుమ్మంలో నన్నూ బుట్టనూ చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏమే, నీ ఇంట్లో తీగ తెగిందా?"

"లేదక్కా, నీ తీగ బాగుంటుందని విన్నాను."

ఊరంతా వినబడేట్టు నవ్వి పక్కకు జరిగింది. ఆవిడ ఉన్నంతకాలం మా దుప్పట్లు శనివారం పూట దిబ్బ పక్కనే ఆరాయి.

ఆవిడ పోయాక కూతురు ఈ తువ్వాలు తెచ్చి నా చేతికిచ్చింది. ఇదిగో, పాలు పొంగి స్టవ్ ఆరిపోయిందని మా ఆయన మళ్ళీ కేక పెడుతున్నాడు. మా స్కూల్లో కొత్తగా చేరిన టీచరు ఇల్లు వెతుక్కుంటోంది, పది గంటలకు చూడ్డానికి పోవాలి. దిబ్బ గాలి బాగానే వీస్తోంది. తువ్వాలు మడిచి వైరుబుట్టలో పెట్టుకున్నాను. పక్కన ఒక కానుగ మొక్క కూడా పెట్టుకున్నాను, తువ్వాలు బూడిదైతే పనికొస్తుంది.